ప్లేబుక్ అంతా పచ్చగా ముగుస్తోంది, రీబూట్ చేస్తే ఐస్కజీ డిస్కులు రావడం లేదు

సర్వర్‌గది_సుధ
మా దగ్గర నలభైకి పైగా లైనక్స్ సర్వర్లు ఒకే స్టోరేజి నుంచి ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కులు ఇచ్చే పద్ధతి) మీద డిస్కులు తీసుకుంటాయి. ఇన్నాళ్లూ పాస్‌వర్డ్ అంటూ ఏమీ లేదు, ఇనిషియేటర్ (డిస్కు అడిగే సర్వర్) పేరు చూసి రానిచ్చేవాళ్లం. ఈసారి ఆడిట్ వాళ్లు రెండు వైపులా చాప్ (లాగిన్‌లో పాస్‌వర్డ్ తెలుసని రుజువు చేయించే పద్ధతి) పెట్టి తీరాలన్నారు, పాస్‌వర్డ్‌లు ఏటా మార్చాలన్నారు. ఒక్కో సర్వర్‌లోకి వెళ్లి చేత్తో మార్చడం అయ్యే పని కాదని యాన్సిబుల్ (చాలా సర్వర్లను ఒకచోటి నుంచి అమర్చే సాధనం) ప్లేబుక్, అంటే చేయాల్సిన పనుల జాబితా, రాశాం. ఐస్కజీ అమరికలుండే ఐస్కజీడీ.కాన్ఫ్ ఫైలులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాస్తుంది, సర్వీసు రీస్టార్ట్ చేస్తుంది, స్టోరేజి వైపు కూడా అదే పాస్‌వర్డ్ పెడుతుంది. నడిపితే అన్ని సర్వర్లకూ పచ్చ రంగే, అంటే ఎక్కడా తప్పు రాలేదు. డిస్కులు మామూలుగా పని చేస్తూనే ఉన్నాయి.

కొన్నాళ్లకు కర్నెల్ అప్‌డేట్ కోసం కొన్నిటిని రీబూట్ చేస్తే డిస్కు రాలేదు. లాగ్‌లో ఆథెంటికేషన్ విఫలమైందని ఉంది. విచిత్రం ఏమిటంటే, ఈ మధ్య కొత్తగా పెట్టిన సర్వర్లు మాత్రం చక్కగా లేచాయి. ఫైలులో పాస్‌వర్డ్ సరిగానే ఉంది, స్టోరేజిలో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చి చూశాం. ఇక ఎక్కడ వెతకాలి?

పాతడిస్కు
కొత్తవి లేచాయి, పాతవి లేవలేదు అన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. ఐస్కజీడీ.కాన్ఫ్ కొత్తగా కనుక్కున్న టార్గెట్లకు (స్టోరేజి వైపు డిస్కులిచ్చే చోట్లకు) మాత్రమే నమూనా. డిస్కవరీ, అంటే టార్గెట్లను కనుక్కోవడం, చేసిన క్షణంలో ఆ ఫైలులోని విలువలు నోడ్ రికార్డులోకి (ఒక్కో టార్గెట్‌కు సర్వర్ దాచుకునే వివరాల్లోకి) నకలవుతాయి. ఆ తర్వాత లాగిన్ జరిగేది రికార్డు చూసే, ఫైలు చూసి కాదు. పాత సర్వర్ల రికార్డుల్లో ఇంకా పాస్‌వర్డ్ లేని పాత అమరికే ఉంటుంది. వార్‌లిబ్ కింద ఐస్కజీ ఫోల్డర్‌లో, కొన్ని పంపిణీల్లో ఈటీసీ కింద, నోడ్స్ అనే చోట తెరిచి చూడండి. ఆథ్‌మెథడ్ దగ్గర చాప్ అని కాక నన్ (ఏదీ లేదు) అని కనిపిస్తుంది.

ఫైలు మార్చడంతో పాటు ఐస్కజీఅడ్మ్ ఆదేశంతో ప్రతి రికార్డునూ అప్‌డేట్ చేయాలి. ఆథ్‌మెథడ్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, మీది రెండు వైపులా కాబట్టి చివర ఇన్ అని ఉండే మరో జత.

సర్వర్‌గది_సుధ
ఇప్పుడే చూశాను. నన్ అనే ఉంది! మరి ఇన్నాళ్లూ డిస్కులు ఎలా పని చేశాయి? స్టోరేజి వైపు పాస్‌వర్డ్ పెట్టేశాం కదా.

పాతడిస్కు
చాప్ అడిగేది లాగిన్ అప్పుడే. ఒకసారి సెషన్ నిలబడ్డాక మళ్లీ ఎవరూ అడగరు. మీరు పాస్‌వర్డ్ పెట్టేనాటికే ఆ సెషన్లు లోపల ఉన్నాయి, అలాగే కొనసాగాయి. రీబూట్‌లో మొదటిసారి గుమ్మం దగ్గర ఆపి అడిగారు, చెప్పలేకపోయాయి.

నాలుగోపోర్టు
దీన్ని నేను ఐస్కజీ ఆటోమేషన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి అంటాను. తప్పు ఈ రోజు జరుగుతుంది, దెబ్బ ఎప్పుడో తగులుతుంది. రీబూటే అక్కర్లేదు. అర్ధరాత్రి ఒక స్విచ్ రీస్టార్ట్ అయితే చాలు, సెషన్లన్నీ తెగి తిరిగి లాగిన్‌కు వస్తాయి. పాస్‌వర్డ్ తప్పుగా ఉన్న సర్వర్లన్నీ ఒకేసారి బయట నిలబడతాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఎప్పుడో నడిపిన ప్లేబుక్ గుర్తుకొస్తుందా? వాళ్లు స్విచ్‌ను అనుమానిస్తారు, కేబుళ్లు మారుస్తారు.

శ్రావణి_నెట్
నాలుగోపోర్టు గారు చెప్పింది అక్షరాలా చూశాను. స్విచ్ కంపెనీ వాళ్లను పిలిపించి తెల్లవారేదాకా కూర్చోబెట్టారు. స్విచ్‌లో ఏ లోపమూ లేదు.

తాళంచెవి
ఇంకో మెలిక ఉంది. రికార్డు సరిచేస్తే సరిపోతుందని ఆగకండి. నడుస్తున్న సెషన్ తాను లాగిన్ అయినప్పుడు తీసుకున్న వివరాలనే పట్టుకొని ఉంటుంది. మీరు రికార్డు మార్చిన సంగతి దానికి తెలియదు. లింకు తెగితే ఆ పాత వివరాలతోనే తలుపు తడుతుంది. కాబట్టి రికార్డు మార్చాక ఆ సెషన్‌ను లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ చేయించాల్సిందే. కొత్త పాస్‌వర్డ్‌తో నిజంగా లోపలికి వెళ్లగలిగితేనే పని అయినట్టు. ఫైలు రాశాం, పచ్చ వచ్చింది అన్నది రుజువు కాదు.

కొత్తగా_చేరాను
కానీ లాగౌట్ చేస్తే డిస్కు పోతుంది కదా? డేటాబేస్ నడుస్తున్న సర్వర్‌లో అలా ఎలా చేస్తారు?

రెండోదారి
మల్టీపాత్ (ఒకే డిస్కుకు ఒకటి కన్నా ఎక్కువ దారులు) ఉంటే చేయొచ్చు, ఒక్కో దారిగా. నేను వాడే వరుస చెబుతాను, సుధ గారు వాళ్ల ప్లేబుక్‌కు తగ్గట్టు మార్చుకోవచ్చు.

ముందుగా మల్టీపాత్ స్థితి చూడాలి. ప్రతి డిస్కుకూ రెండు దారులూ యాక్టివ్ రెడీ రన్నింగ్ అని ఉండాలి. ఒకటి ఫాల్టీ అని ఉన్నా ప్లేబుక్ అక్కడే ఆగిపోవాలి, ఆ సర్వర్‌ను తాకకూడదు. ఈ ఒక్క తనిఖీని బద్ధకించి వదిలేసే ప్లేబుక్‌లు ఎన్నో చూశాను. ఒక దారి ఎప్పటి నుంచో చచ్చిపడి ఉంటుంది, ఎవరూ గమనించరు, బతికున్న దారిని ప్లేబుక్ లాగౌట్ చేస్తుంది.

రెండూ బాగుంటే స్టోరేజి వైపు కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. పైన అనుకున్నట్టే ఉన్న సెషన్లు తెగవు. తర్వాత సర్వర్‌లో రికార్డు మార్చి, మొదటి దారి లాగౌట్, వెంటనే లాగిన్. లాగిన్ అయ్యాక తొందరపడి రెండోదాని మీదకు వెళ్లకూడదు. మొదటి దారి మళ్లీ యాక్టివ్ రెడీ రన్నింగ్ అయ్యేదాకా వేచి ఉండాలి. మల్టీపాత్ దాన్ని పరీక్షించి లోపలికి తీసుకోవడానికి కొంత సమయం పడుతుంది. అప్పుడు రెండో దారి.

మొదటి దారి లాగిన్ విఫలమైతే? రెండో దారి ఇంకా పాత సెషన్ మీద బతికే ఉంది. స్టోరేజి వైపు పాత పాస్‌వర్డ్ తిరిగి పెట్టి, రికార్డు వెనక్కి మార్చి, మొదటి దారిని పాతదానితో లాగిన్ చేయించాలి. అందుకే పాత పాస్‌వర్డ్‌ను పని పూర్తయ్యేదాకా పారేయకూడదు.

యాన్సిబుల్‌లో సీరియల్ ఒకటి, అంటే ఒకసారికి ఒక్క సర్వరే, అని పెట్టండి. ఒక సర్వర్ విఫలమైతే ప్లే అక్కడే ఆగుతుంది, మిగతా నలభైకి పాకదు.

లినక్స్‌లత
చాలా బాగా చెప్పారు. ఒక్క దారే ఉన్న సర్వర్లకు మాత్రం దగ్గరదారి లేదు. సర్వీసు ఆపాలి, అన్‌మౌంట్ చేయాలి, అప్పుడు మార్చాలి. లాగౌట్ లాగిన్ మధ్య సెకన్లే కదా అని మౌంట్ అయి ఉన్న డిస్కు కింద నుంచి సెషన్ లాగేస్తే ఫైల్ సిస్టమ్ ఊరుకోదు.

బండరాయి
నాది వేరే అభిప్రాయం. స్టోరేజి నెట్‌వర్క్‌ను విడిగా పెట్టి, ఐస్కజీ వాడే 3260 పోర్టును ఆ వీలాన్ (విడదీసిన నెట్‌వర్క్ భాగం) దాటనివ్వకపోతే చాప్ ఎందుకు? చాప్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేయదు. తీగ మీద వినేవాడు అంతా వింటూనే ఉంటాడు. ఇంత శ్రమపడి నలభై సర్వర్లను లాగౌట్ చేస్తూ తిరగడం కన్నా నెట్‌వర్క్‌ను బిగించడం మేలు. ఆడిట్ కాగితం కోసం ఉన్న స్థిరత్వాన్ని పోగొట్టుకోవద్దు.

తాళంచెవి
నెట్‌వర్క్ విడిగా ఉండాలన్నదాంట్లో భేదమే లేదు. కానీ చాప్ లేకపోతే మిగిలేది ఇనిషియేటర్ పేరు. అది రహస్యం కాదు, ఈటీసీలో ఒక టెక్స్ట్ ఫైలు. ఆ వీలాన్‌లో ఉన్న ఏ ఒక్క సర్వర్ దొంగ చేతికి చిక్కినా, ఫైలులో ఒక్క వరుస మార్చుకొని మరో సర్వర్ డిస్కును తెరుచుకోవచ్చు. నలభై సర్వర్లు ఒకే వీలాన్‌లో ఉన్నప్పుడు గోడ బయటివాళ్లను ఆపుతుంది, లోపలివాళ్లను ఆపదు.

శ్రావణి_నెట్
దొంగే అక్కర్లేదు. వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేస్తే ఇనిషియేటర్ పేరు కూడా క్లోన్ అవుతుంది. రెండు మెషీన్లు ఒకే పేరుతో ఒకే డిస్కును మౌంట్ చేసి రాసేశాయి. ఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్ దాన్ని భరించదు. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. చాప్ ఉంటే ఆగేది.

బండరాయి
ఆగేది కాదు. క్లోన్‌తో పాటు నోడ్ రికార్డులూ వెళ్తాయి, వాటిలో పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. పేరూ పాస్‌వర్డూ రెండూ సరిగ్గా ఉన్న కవల వచ్చి తలుపు తడితే చాప్ ఏం చేస్తుంది?

శ్రావణి_నెట్
నిజమే, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే క్లోన్‌కు వాడే ఇమేజ్‌లో ఇనిషియేటర్ పేరు ఫైలు, నోడ్స్ ఫోల్డర్ తుడిచిపెట్టి ఉంచాలి. మొదటిసారి లేచినప్పుడు ఐస్కజీ-ఐనేమ్ ఆదేశంతో కొత్త పేరు పుట్టించాలి. ఇది కూడా ఆటోమేషన్‌లో భాగమే. పాస్‌వర్డ్ మార్చే ప్లేబుక్ కన్నా ఇదే ముందు రాయాలి.

పాతడిస్కు
బండరాయి గారూ, ఇక్కడ మీ వాదనకే బలం చేకూర్చే సంగతి ఒకటి. చాప్‌లో అడిగే సవాలు, చెప్పే జవాబు తీగ మీద బయటే పోతాయి. ఆ రెండూ పట్టుకున్నవాడు ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా ఊహించుకుంటూ కూర్చోవచ్చు. పాస్‌వర్డ్ మనిషి గుర్తుపెట్టుకునేలా ఉంటే త్వరగానే దొరుకుతుంది. అందుకే 2014 నాటి ఐస్కజీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 7143 కనీసం 96 బిట్ల యాదృచ్ఛిక రహస్యం ఉండాలంటుంది, అంతకన్నా చిన్నదైతే ఐపీసెక్ (నెట్‌వర్క్ ఎన్‌క్రిప్షన్) తోడు లేకుండా వాడొద్దంటుంది. అంటే చాప్ పెట్టేటట్టయితే పాస్‌వర్డ్ మనుషులు ఆలోచించి పెట్టకూడదు, యంత్రమే పుట్టించాలి. ఆటోమేషన్ వల్ల అసలు లాభం ఇదే అంటాను.

విండోవాలు
యంత్రం పుట్టించేటప్పుడు పొడవు చూసుకోండి. యాన్సిబుల్‌లో పాస్‌వర్డ్ పుట్టించే పాస్‌వర్డ్ లుకప్ ఏమీ చెప్పకపోతే 20 అక్షరాలు ఇస్తుంది. విండోస్ ఇనిషియేటర్ ఐపీసెక్ లేనప్పుడు 12 నుంచి 16 మధ్య ఉంటేనే ఒప్పుకుంటుంది. లైనక్స్ సర్వర్లన్నీ లోపలికి వెళ్లి విండోస్ సర్వర్లు మాత్రమే బయట నిలబడితే ముందు ఇది చూడండి. రెండు రకాలూ ఉన్నచోట నేను 16 అని పెట్టేస్తాను.

లినక్స్‌లత
ఆ లుకప్‌కే ఇంకో చిక్కు. ఫలితం దాచుకునే చోటుగా డెవ్‌నల్ (రాసింది ఏదీ మిగలని ఫైలు) ఇస్తే నడిపిన ప్రతిసారీ కొత్త పాస్‌వర్డ్ పుడుతుంది. ప్లేబుక్‌ను మధ్యలో ఆపి మళ్లీ నడిపితే సగం సర్వర్లకు ఒకటి, సగానికి ఇంకొకటి అని కాదు, ఇప్పటికే అయిపోయిన సర్వర్లకు కూడా మళ్లీ మారుస్తుంది. పాస్‌వర్డ్ పుట్టించే పని, దాన్ని అమలు చేసే పని రెండు వేర్వేరు ప్లేబుక్‌లుగా ఉండాలి. మొదటిది పుట్టించి వాల్ట్‌లో (యాన్సిబుల్ ఎన్‌క్రిప్ట్ చేసి దాచే ఫైలులో) పెడుతుంది, ఏడాదికోసారి నడుస్తుంది. రెండోది వాల్ట్‌లో ఉన్నదాన్ని అమలు చేస్తుంది, ఎన్నిసార్లు నడిపినా ఏమీ చెడదు.

సర్వర్‌గది_సుధ
మేం అన్ని సర్వర్లకూ ఒకే వేరియబుల్ పెట్టాం. రెండు వైపులా కూడా అదే. ఇబ్బందా?

తాళంచెవి
రెండు వైపులా ఒకటే పెట్టడం ప్రమాణమే నిషేధించింది, కొన్ని స్టోరేజిలు తీసుకోవు కూడా. కారణం ఇది. టార్గెట్‌లా నటించేవాడికి మీ సర్వర్ ఒక సవాలు విసురుతుంది. వాడికి జవాబు తెలియదు. అదే సవాలును ఇంకో సెషన్‌లో మీ సర్వర్‌కే తిప్పి విసురుతాడు, అది జవాబు చెప్పేస్తుంది. ఆ జవాబునే తెచ్చి మొదటి సెషన్‌లో అప్పగిస్తాడు. రహస్యాలు వేర్వేరైతే ఈ ఆట సాగదు.

అన్ని సర్వర్లకూ ఒకటే పెడితే పైన బండరాయి గారితో నేను చేసిన వాదన మొత్తం వృథా. ఒక సర్వర్ చిక్కితే నలభై డిస్కులూ చిక్కినట్టే. చేత్తో చేసే రోజుల్లో ఒకటే పెట్టడానికి ఓపిక లేకపోవడం కారణం. ప్లేబుక్ ఉన్నాక ఆ కారణం పోయింది.

కొత్తగా_చేరాను
వాల్ట్‌లో పెడితే ఇక ఎక్కడా బయటపడదు కదా?

లినక్స్‌లత
పడుతుంది, చాలా చోట్ల. వాల్ట్ కాపాడేది ఫైలును. టాస్క్ నడిచేటప్పుడు విలువ విప్పిన రూపంలోనే ఉంటుంది. ఫలితం దాచమని చెప్పే నో_లాగ్ పెట్టకపోతే తెర మీద, లాగ్‌లో ముద్రపడుతుంది. టెంప్లేట్ టాస్క్‌ను డిఫ్ (మార్పుల తేడా) చూపమని నడిపితే పాత పాస్‌వర్డు ఎర్రగా, కొత్తది పచ్చగా పక్కపక్కనే వస్తాయి. ఐస్కజీఅడ్మ్‌కు పాస్‌వర్డును ఆదేశంలోనే ఇస్తాం కాబట్టి ఆ క్షణంలో ప్రాసెస్ జాబితా చూసేవాళ్లందరికీ కనిపిస్తుంది. యాన్సిబుల్‌లోని ఓపెన్ ఐస్కజీ మాడ్యూల్ వాడినా లోపల నడిచేది అదే. ఇతర యూజర్లు లాగిన్ అయ్యే సర్వర్లలో ప్రాక్‌ను హైడ్‌పిడ్‌తో (ఇతరుల ప్రాసెస్‌లు కనిపించకుండా) మౌంట్ చేయడం మంచిది.

పాతడిస్కు
టార్గెట్ కూడా లైనక్సే అయితే ఈటీసీ టార్గెట్ కింద సేవ్‌కాన్ఫిగ్ అనే జేసన్ ఫైలు చూడండి. పాస్‌వర్డులన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి. బ్యాకప్ దాన్ని కూడా తీసుకెళ్తుంది. ఆ బ్యాకప్ ఎవరెవరు తెరవగలరో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగోపోర్టు
ఎండీ5 సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి నుంచీ చాప్ అంటే ఎండీ5 అనే పాత హాష్ పద్ధతితో జవాబు లెక్కకట్టడమే. కొత్త ఓపెన్ ఐస్కజీలో చాప్_ఆల్గ్స్ అనే అమరిక ఉంది, ఎస్‌హెచ్‌ఏ256, ఎస్‌హెచ్‌ఏ3 కూడా రాయొచ్చు. సర్వర్ ఫిప్స్ (అమెరికా ప్రభుత్వ ఎన్‌క్రిప్షన్ ప్రమాణం) మోడ్‌లో ఉంటే ఎండీ5 పని చేయదు. స్టోరేజికి ఎండీ5 ఒక్కటే తెలిస్తే ఆ రెండింటికీ పొత్తు కుదరదు, లాగ్‌లో మాత్రం పాస్‌వర్డ్ తప్పులాగే కనిపిస్తుంది. ప్లేబుక్ రాసేముందే స్టోరేజి ఏమేమి ఒప్పుకుంటుందో చూడండి.

ఎగుమతిదారు
ఐస్కజీ వాళ్లే ఇంత కష్టపడుతున్నారు, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే పద్ధతి) వాళ్ల గోడు కూడా వినండి. ఏ ఫోల్డర్ ఎవరికో చెప్పే ఎక్స్‌పోర్ట్స్ ఫైలును టెంప్లేట్‌తో రాయించారు. హోస్ట్ పేరుకూ బ్రాకెట్‌కూ మధ్య ఒక్క ఖాళీ పడింది. ఆ ఖాళీతో అర్థమే మారిపోతుంది. ఆ హోస్ట్‌కు మామూలు అమరికలు, బ్రాకెట్‌లో ఉన్న చదివే రాసే హక్కు లోకంలో అందరికీ. దాన్ని అమలు చేసే ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ తప్పని చెప్పి ఆపలేదు, ప్లేబుక్ పచ్చగా ముగిసింది. తర్వాత ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్‌ను విపులంగా చూపమంటే అందులో వరల్డ్ అని కనిపించింది. ఇప్పుడు టెంప్లేట్ రాసిన వెంటనే ఆ జాబితాలో వరల్డ్ అనే మాట ఉంటే టాస్క్ విఫలమవ్వాలని పెట్టాం.

బండరాయి
ఇది భయంకరం. ఒక్క ఖాళీయా!

ఎగుమతిదారు
ఒక్క ఖాళీ. ఇక కెర్బెరోస్ (టికెట్లతో యూజర్ ఎవరో తేల్చే పద్ధతి) పెట్టాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎమ్‌ఐటీ కేఅడ్మిన్‌లో కేటీయాడ్ ఆదేశాన్ని మామూలుగా నడిపిన ప్రతిసారీ కొత్త కీ పుడుతుంది, కీ వెర్షన్ సంఖ్య పెరుగుతుంది, ముందు పంచిన కీట్యాబ్ (కీలుండే ఫైలు) చెల్లదు. ప్లేబుక్ రోజూ నడుస్తూ రోజూ కేటీయాడ్ చేస్తే మౌంట్లు రోజూ ఎక్కడో ఒకచోట కూలుతాయి. ముందు కీట్యాబ్ ఉందా, వెర్షన్ సరిపోతుందా చూసి, లేకపోతేనే పుట్టించాలి. గడియారాలు కూడా చూడండి, మామూలుగా 5 నిమిషాల తేడా దాటితే టికెట్ తీసుకోదు.

శ్రావణి_నెట్
ఎన్‌ఎఫ్‌ఎస్‌కు ఇప్పుడు టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ కూడా వచ్చింది కదా, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9289. కెర్బెరోస్ ఏర్పాటు చేయలేని చోట తీగ మీద డేటాను కాపాడటానికి అది తేలిక. కానీ యూజర్ ఎవరో తేల్చదు, అవతలి సర్వర్ చెప్పిన యూఐడీని (యూజర్ సంఖ్యను) నమ్మడం పాతదే.

విండోవాలు
ఎస్‌ఎంబీ (విండోస్ ఫైళ్లు పంచే పద్ధతి) వైపు ఒక మాట చెప్పి వెళ్తాను. 2017 మే నెలలో వానక్రై రాన్సమ్‌వేర్ పాకింది ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం మీదే. దాన్ని తీసేసే టాస్క్ ఇప్పటికీ అన్ని ప్లేబుక్‌లలోనూ ఉండాలి, ఎందుకంటే ఏదో పాత స్కానర్ కోసం ఎవరో ఒకరు మళ్లీ తెరుస్తూనే ఉంటారు. ప్యాకెట్ల మీద సంతకం తప్పనిసరి, సున్నితమైన షేర్లకు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. లైనక్స్ నుంచి మౌంట్ చేసేటప్పుడు పాస్‌వర్డ్‌ను మౌంట్ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్‌లో రాయకండి, అది అందరూ చదవగలిగే ఫైలు. విడిగా క్రెడెన్షియల్స్ ఫైలు పెట్టి 0600 (యజమానికి మాత్రమే) అనుమతి ఇవ్వండి.

సర్వర్‌గది_సుధ
అందరూ చెప్పినవి కలిపి ప్లేబుక్ తిరగరాశాం. సర్వర్‌కు ఒక జత పాస్‌వర్డ్‌లు, 16 అక్షరాలు, పుట్టించే ప్లేబుక్ వేరు, అమలు చేసేది వేరు. రెండోదారి గారి వరుసను యథాతథంగా పెట్టాం. మొదట్లోనే ఫలితం కనిపించింది. మల్టీపాత్ తనిఖీ దగ్గర కొన్ని సర్వర్లు ఆగిపోయాయి, వాటిలో ఒక దారి ఫాల్టీ అని ఉంది! ఒక స్విచ్ పోర్టు ఎవరో ఆపేసి వదిలేశారు. పాత ప్లేబుక్‌కు ఇది తెలిసే అవకాశమే లేదు.

రెండోదారి
ఆగిందంటే ప్రాణం నిలిచింది. ఆ పోర్టులు తెరిచాక రెండు దారులూ కొంతసేపు నిలకడగా ఉన్నాయో లేదో చూసి అప్పుడు మొదలుపెట్టండి.

కొత్తగా_చేరాను
డిస్కవరీకి కూడా పాస్‌వర్డ్ విడిగా పెట్టాలా?

పాతడిస్కు
విడి అమరికే, డిస్కవరీ సెండ్‌టార్గెట్స్ ఆథ్ అని మొదలయ్యే వరుసలు. స్టోరేజి డిస్కవరీకి కూడా చాప్ అడిగేలా పెడితేనే అవసరం. పెడితే మంచిది, లేకపోతే టార్గెట్ల పేర్లు అడిగినవాళ్లందరికీ చెబుతుంది. అయితే సెషన్ చాప్ సరిగ్గా పని చేశాకే దాని జోలికి వెళ్లండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది విఫలమైందో తేల్చుకోవడం కష్టం.

బండరాయి
సుధ గారూ, చాప్ మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, ఎన్‌క్రిప్షన్ లేని లోటు అలాగే ఉంది. కానీ ఒక్కో సర్వర్‌కు వేరే పాస్‌వర్డ్ అన్నాక దానికి విలువ ఉందని ఒప్పుకుంటాను. ఒక సలహా. ఈ ప్లేబుక్‌ను ఏడాదికోసారి నడిపి మరచిపోవద్దు. పాస్‌వర్డ్ మార్చకపోయినా, ఒక దారిని లాగౌట్ చేసి లాగిన్ చేసే భాగాన్ని మాత్రం నెలకోసారి నడపండి. ఎవరైనా చేత్తో ఏదైనా మార్చి ఉంటే స్విచ్ పడే రాత్రి దాకా ఆగకుండా పగటిపూటే తెలుస్తుంది.

సర్వర్‌గది_సుధ
అది కూడా చేర్చాం, ప్రతి నెలా మొదటి మంగళవారం పగలు నడుస్తుంది. రెండు దారులున్నవన్నీ అయిపోయాయి. ఒక్క దారే ఉన్న డేటాబేస్ సర్వర్లు మూడు మిగిలాయి. వాళ్లు సర్వీసు ఆపే సమయం ఇస్తే అన్‌మౌంట్ చేసి మారుస్తాం, అప్పుడే రెండో కార్డు కూడా వేయమని అడిగాను. అప్పటిదాకా ఆ మూడింటి చాప్‌ను స్టోరేజి వైపు తాకలేదు, పాత అమరికతోనే ఉన్నాయి. ఆడిట్ వాళ్లకు కూడా అలాగే రాసిచ్చాం.